గిన్నె వైపు గరుకు, చేతి వైపు పట్టు

దుకాణంలో అంట్లు తోమే పీచులు వేలాడే చోట నిలబడి పొట్లాల మీది రాతలన్నీ చదవండి. జిడ్డు వదులుతుందని ఒకటి, గీతలు పడవని ఇంకొకటి, మాడిన అడుగు కూడా మెరుస్తుందని మరొకటి. అన్నీ గిన్నె గురించే. ఆ పీచుని పట్టుకునే చేతి గురించి ఒక్క ముక్క కనిపించడం అరుదు. కానీ ఏ పీచుకైనా రెండు ముఖాలుంటాయి. ఒకటి గిన్నెకి తగిలేది, రెండోది వేళ్లకి తగిలేది. మొదటి ముఖం కోసం వందేళ్లుగా లోహశాస్త్రం, రసాయన శాస్త్రం, పాలిమర్ శాస్త్రం పనిచేస్తూ వచ్చాయి. రెండో ముఖాన్ని ఎవరైనా పట్టించుకున్నది చాలా ఆలస్యంగా, అదీ అరకొరగా.

ఆ ముఖానికి అవతల ఉన్నది ఎవరి చెయ్యో కూడా చూడాలి. జాతీయ గణాంక కార్యాలయం 2019లో దేశమంతటా కాల వినియోగ సర్వే జరిపింది. ఆరేళ్లు, ఆపై వయసున్న ఆడవాళ్లలో 81.2 శాతం మంది జీతం లేని ఇంటిపని చేస్తున్నారనీ, మగవాళ్లలో చేసేది 26.1 శాతమేననీ అందులో తేలింది. ఆ పని చేసే ఆడవాళ్లు రోజుకి సగటున 299 నిమిషాలు దానికే వెచ్చిస్తుంటే, మగవాళ్లు వెచ్చించేది 97 నిమిషాలు. ఇంటిపని అంటే వంట, ఊడ్పు, బట్టలు అన్నీ వస్తాయి కానీ, మూడు పూటలా వచ్చిపడేవి అంట్లే. జీతానికి నాలుగైదు ఇళ్లలో తోమేవాళ్ల గంటలు ఈ లెక్కలో లేవు. అన్ని చేతుల్లో అంతసేపు నలిగే వస్తువు ఎలా ఉండాలన్నది చిన్న ప్రశ్నేమీ కాదు.

ముందు పట్టు దగ్గర మొదలుపెడదాం. పీచుని గిన్నె అడుగున పరిచి, వేళ్లతో పట్టుకోకుండా చాచిన అరచెయ్యి మాత్రం దాని మీద ఆనించి, ముందుకీ వెనక్కీ తోయండి. ఇక్కడ ఘర్షణ రెండు చోట్ల ఉంది. చేతికీ పీచుకీ మధ్య ఒకటి, పీచుకీ గిన్నెకీ మధ్య ఒకటి. జారకుండా ఆపగలిగే ఘర్షణ ఎంతన్నది రెండింటి మీద ఆధారపడుతుంది: ఎంత గట్టిగా నొక్కుతున్నాం, ఆ రెండు ఉపరితలాల ఘర్షణ గుణకం ఎంత. మనం నొక్కే బలం పీచు గుండా కిందికి దిగి గిన్నెకి చేరుతుంది కనక, నొక్కు రెండు చోట్లా ఒకటే. ఇక మిగిలిన తేడా గుణకంలోనే. గుణకం ఏ వైపు తక్కువో ఆ వైపు జారుతుంది.

దీన్నుంచి వచ్చే ఫలితం కాస్త ఆశ్చర్యంగా ఉంటుంది. చెయ్యి పీచు మీద జారుతున్నప్పుడు ఇంకా గట్టిగా నొక్కితే లాభం లేదు. నొక్కు పెరిగితే రెండు వైపులా ఘర్షణ ఒకే నిష్పత్తిలో పెరుగుతుంది, జారే వైపు జారుతూనే ఉంటుంది. తయారీదారు గిన్నె వైపు ఎంత గరుకు పెంచితే, చేతి వైపు అంతకు మించిన పట్టు ఇచ్చి తీరాలి. గిన్నె వైపు ముఖం ఒక్కటే మెరుగుపడి, చేతి వైపు ముఖం నున్నగా ఉండిపోతే, ఆ పీచు గిన్నెకి అతుక్కుని చెయ్యి దాని మీద జారిపోతుంది. దానికి సబ్బు తోడవుతుంది. చర్మానికీ పీచుకీ మధ్య సబ్బునీళ్లు పల్చని పొరగా చేరితే రెండు ఉపరితలాలూ నేరుగా తగలవు, మధ్యనున్న నీటిపొర మీద తేలుతుంటాయి. గిన్నె వైపున గరుకు పోగులు ఆ పొరని చీల్చుకుని లోహాన్ని తాకగలవు. చేతి వైపున మెత్తటి వేలిముద్రలకి ఆ శక్తి తక్కువ.

అప్పుడు చెయ్యి తనకు తెలిసిన ఉపాయం పన్నుతుంది. వేళ్లని పీచు అంచుల చుట్టూ వంచి, బొటనవేలిని ఎదురుగా పెట్టి బిగిస్తుంది. ఆ క్షణం నుంచీ చేతి బలం రెండు పాయలవుతుంది. కిందికి నొక్కి ముందుకు తోసే బలం గిన్నెని శుభ్రం చేస్తుంది. పీచు చేజారకుండా పిండి పట్టుకునే బలం ఏ మరకనీ కదల్చదు, అయినా కండరాల నుంచి దాని వంతు అది లాక్కుంటుంది. నా దృష్టిలో మంచి పీచుకి కొలత ఇదే: పట్టు కోసం ఖర్చయ్యే బలాన్ని అది ఎంతవరకు తగ్గించగలిగింది? రంగు, సువాసన, మన్నిక అన్నీ ఆ తర్వాతే.

ఆ ఖర్చు ఎంతన్నది మెదడు తనంత తానే లెక్కగడుతుంది. స్వీడన్‌లోని ఉమియోలో రోలాండ్ యోహాన్సన్, యోరాన్ వెస్ట్‌లింగ్ అనే శాస్త్రవేత్తలు 1984లో ప్రచురించిన ప్రయోగాల్లో, చిన్న వస్తువుని రెండు వేళ్ల మధ్య ఎత్తేటప్పుడు మనిషి ఎంత బలంతో నొక్కుతాడో కొలిచారు. వస్తువు పైపొరని పట్టుబట్టగా, స్వేడ్ తోలుగా, గరుకు కాగితంగా మారుస్తూ చూశారు. నున్నటి పొర రాగానే వేళ్లు వెంటనే బిగుసుకున్నాయి, గరుకు పొర రాగానే సడలాయి. జారిపోయే హద్దు కంటే కొద్దిగా మాత్రమే ఎక్కువ బలాన్ని చెయ్యి వాడుతుంది. మనకి తెలియకుండా జరిగే ఈ సర్దుబాటుకి సమాచారమిచ్చేది వేలికొసల్లోని స్పర్శ గ్రాహకాలు. వేళ్లకి మత్తిచ్చి స్పర్శ పోగొడితే ఆ సర్దుబాటు దెబ్బతింది. అంట్ల దగ్గర దీని అర్థం ఏమిటంటే, పీచు చేతి వైపు ఎంత జారుడుగా ఉంటే తోమినంతసేపూ వేళ్లు అంత బిగింపుగా ఉంటాయి. వద్దనుకున్నా సడలించలేం.

బిగింపులోనూ రకాలున్నాయి. బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ నేపియర్ 1956లో మనిషి చేతి పట్టులని రెండు పెద్ద తరగతులుగా విడదీశాడు. రోకలి పట్టుకున్నట్టు వేళ్లన్నీ అరచేతికి వత్తుకుని పట్టేది బలపు పట్టు. సూది పట్టుకున్నట్టు బొటనవేలికీ వేలికొసలకీ మధ్య పట్టేది నాజూకు పట్టు. రెండోదాని బలం మొదటిదానిలో సుమారు నాలుగో వంతే. చాలా ఇళ్లలో పచ్చపీచు కొత్తది తేగానే సగానికో నాలుగు ముక్కలకో కత్తిరిస్తారు. పొదుపుగా వస్తుందని. ఆ ముక్క అరచేతిని నింపదు, వేలికొసలకి మాత్రమే అందుతుంది. అంటే బలపు పట్టుతో చెయ్యాల్సిన పనిని నాజూకు పట్టుకి అప్పగించామన్నమాట. ఆ పొదుపు ఖర్చు బొటనవేలి మీద పడుతుంది.

బొటనవేలు నిజంగానే ఎక్కువ మోస్తుంది. కూనీ, చావో అనే ఇద్దరు పరిశోధకులు 1977లో వేసిన లెక్క ప్రకారం, బొటనవేలి కొసతో ఒక కిలో బలంతో నొక్కితే, ఆ వేలి మొదట్లో మణికట్టు దగ్గరున్న కీలు మీద పడే ఒత్తిడి సుమారు పన్నెండు కిలోలు. కొస దగ్గర బలం పుట్టించడానికి చుట్టూ ఉన్న కండరాలన్నీ ఎముకల్ని ఒకదానిమీదొకటి లాగిపెట్టాలి కాబట్టి అలా పెరుగుతుంది. యాభై దాటిన ఆడవాళ్లలో కీలు అరిగి నొప్పి పెట్టే చోట్లలో ఇదొకటి. సీసా మూత తిప్పలేకపోవడం, తాళంచెవి తిప్పితే చురుక్కుమనడం దాని తొలి గుర్తులు. కేవలం అంట్లవల్లే అది వస్తుందని నేననను. వచ్చినవాళ్లకి మాత్రం పల్చటి పీచు ముక్కని కొసవేళ్లతో పట్టి తోమడం రోజూ మూడు పూటలా ఆ కీలుని పొడవడమే.

కండరాల సంగతికొస్తే, కదిలే కండరానికీ కదలకుండా బిగుసుకున్న కండరానికీ చాలా తేడా ఉంది. ముందుకూ వెనక్కూ ఊగే భుజం కండరం బిగిసి సడలుతూ ఉంటుంది, సడలినప్పుడల్లా రక్తం పారుతుంది. పీచుని పిండి పట్టుకున్న వేళ్ల కండరానికి ఆ విరామం లేదు. బిగుసుకున్న కండరం తనలోని రక్తనాళాలని తనే నొక్కేస్తుంది. జర్మన్ శరీరశాస్త్రవేత్త వాల్టర్ రోమెర్ట్ 1960లో చెప్పినదాని ప్రకారం, గరిష్ఠ బలంలో 15 శాతం లోపైతే బిగింపుని చాలాసేపు నిలపొచ్చు. తర్వాతి పరిశోధకులు ఆ హద్దు ఇంకా కిందనే ఉందన్నారు. హద్దు ఎక్కడున్నా దారి ఒకటే. పిడికిలి బలం తక్కువున్నవారికి అదే పట్టు తమ గరిష్ఠంలో పెద్ద శాతమవుతుంది. ఒక యువకుడికి పదిశాతమయ్యే బిగింపు అరవై ఏళ్ల ఆవిడకి ముప్ఫై శాతం కావచ్చు. అందుకే బలమైన చేతులున్నవాళ్లు పరీక్షించి బాగుందన్న పీచు బలం తగ్గిన చేతికి బాగుండకపోవచ్చు.

దీనికి మణికట్టు మరో మెలిక పెడుతుంది. ఒకసారి చేసి చూడండి. మణికట్టుని అరచేతి వైపు పూర్తిగా వంచి, అలాగే ఉంచి పిడికిలి బిగించండి. వేళ్లు పూర్తిగా ముడుచుకోవు, ముడుచుకున్నా బలముండదు. వేళ్లని వంచే కండరాల్లో ముఖ్యమైనవి చేతిలో లేవు, ముంజేతిలో ఉన్నాయి. వాటి స్నాయువులు తాళ్లలా మణికట్టు గుండా వేళ్లకి వెళతాయి. మణికట్టు లోపలికి వంగితే ఆ తాళ్లు వదులై, కండరం లాగడానికి దూరం మిగలదు. మణికట్టు సుమారు 35 డిగ్రీలు వెనక్కి వంగినప్పుడు పిడికిలికి గరిష్ఠ బలం వస్తుంది. ఇక చెంబు లోపల తోముతున్నప్పుడు, ఇరుకు మూతి డబ్బాలో చెయ్యి దూర్చినప్పుడు, లోతైన కుక్కర్ గోడల్ని రుద్దుతున్నప్పుడు మన మణికట్టు ఎలా ఉందో గమనించండి. చాలామటుకు లోపలికో పక్కకో వంగి ఉంటుంది. పట్టు ఎక్కువ కావలసిన చోటే పట్టు తక్కువవుతుంది. ఆ స్నాయువుల్లో తొమ్మిది, వాటితోపాటు బొటనవేలికీ పక్కవేళ్లకీ స్పర్శనిచ్చే నరం, మణికట్టులో ఒకే ఇరుకు దారిలో వెళతాయి. వంగిన మణికట్టుతో బిగించిన వేళ్లు ఆ నరాన్ని నొక్కుతాయి.

పూర్వం పెరట్లో పీట వేసుకుని కూర్చుని తోమేటప్పుడు గిన్నె నేలమీదుండేది, చెయ్యి పైనుంచి నిటారుగా దిగేది, ఒంటి బరువు కొంత నొక్కుకి సాయపడేది. నడుముకీ మోకాళ్లకీ అది సుఖమైన భంగిమ కాదు, దాన్ని మళ్లీ తెమ్మని అనడం లేదు. అయితే సింకు వచ్చాక గిన్నె గాల్లోకి లేచింది. ఒక చేత్తో దాన్ని పట్టుకోవాలి, రెండో చేత్తో రుద్దాలి, ఒంటి బరువు ఏ చేతికీ అందదు. నిలబడి తోమే పనికి తగ్గట్టు పీచు మారాల్సిందని చాలాకాలం ఎవరూ ఆలోచించలేదు.

అన్నాళ్లూ పీచు మారిందంతా గిన్నె వైపునే. మొదట కొబ్బరిపీచు, ఎండిన బీరపీచు, వాటికి తోడు బూడిద. వీటి వెనక చక్కటి రసాయనం ఉంది. కట్టెబూడిదలో పొటాషియం కార్బొనేట్ ఉంటుంది, అది క్షారం, జిడ్డులో కొంత భాగాన్ని సబ్బుగా మార్చేస్తుంది. ఊకబూడిదలో అధిక భాగం సిలికా, సన్నటి గరుకు పొడిగా పనిచేస్తుంది. ఇత్తడికీ రాగికీ చింతపండు, అందులోని టార్టారిక్ ఆమ్లం లోహం మీది ఆక్సైడ్ పొరని కరిగిస్తుంది. ఇక ఆ కొబ్బరిపీచుని చేతిలో ఉండగా నలిపితే పిడికిలి ఆకారానికి వచ్చేది. చేతిని నింపేది. పట్టు దృష్టితో చూస్తే అది తర్వాత వచ్చిన వాటిలో చాలావాటికన్నా మేలైన వస్తువు.

ఇరవయ్యో శతాబ్దంలో అల్యూమినియం గిన్నెలొచ్చాయి. వాటి నలుపు వదిలించడానికి ఉక్కు నూలు వచ్చింది. అమెరికాలో బ్రిల్లో అనే సంస్థ 1913లో ఆ వ్యాపారం మొదలుపెట్టింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంటింటికీ తిరిగి అల్యూమినియం పాత్రలమ్మే ఎడ్ కాక్స్, గుమ్మంలోకి రానివ్వడానికి కానుకగా ఉంటుందని 1917లో ఉక్కు నూలుని సబ్బుద్రావణంలో ముంచి ఆరబెట్టి ఇవ్వడం మొదలుపెట్టాడు. గిన్నెలకన్నా ఆ ఉండలే జనానికి నచ్చాయి. 1950ల చివర్లో త్రీఎమ్ సంస్థ నైలాన్ పోగులని అడ్డదిడ్డంగా గుల్లగా పరిచి, బంక చల్లి, అందులో అల్యూమినియం ఆక్సైడ్ వంటి ఖనిజ రేణువులని అతికించి వేడిచేసి గట్టిపరిచే పద్ధతి తెచ్చింది. దాని పేటెంటు 1960లో వచ్చింది. నేడు మన సింకుల పక్కనున్న పచ్చపీచు దాని సంతతే. అందులో అధిక భాగం ఖాళీ, అందుకే రాలిన మడ్డి లోపల ఇరుక్కోకుండా నీళ్లకి కొట్టుకుపోతుంది.

గట్టిదనం లెక్క ఇక్కడ తెలియాలి. ఏది దేన్ని గీస్తుందో చెప్పడానికి ఫ్రెడరిక్ మోస్ 1812లో పది మెట్ల కొలమానం ఇచ్చాడు. వజ్రం 10, అల్యూమినియం ఆక్సైడ్ 9, ఇసుకలోని క్వార్ట్జ్ 7, మామూలు గాజు సుమారు 5.5, అల్యూమినియం 3 లోపు. పచ్చపీచులోని రేణువులు అల్యూమినియం ఆక్సైడ్‌వైతే, అవి వంటింట్లో ఉన్న దాదాపు ప్రతి ఉపరితలాన్నీ గీయగలవు. నాన్‌స్టిక్ పెనాల మీది పూత సంగతి చెప్పనక్కర్లేదు. అందుకని గీతలు పడని రకాల్లో రేణువులు మానేసి ఒట్టి పోగులతో సరిపెడతారు. కానీ గరుకు తగ్గితే అదే మరకకి చెయ్యి ఎక్కువ పని చెయ్యాలి. గిన్నె మెరుగుకీ చేతి సుఖానికీ మధ్య బేరం మొదలయ్యేది ఇక్కడే.

ఆ బేరంలో ఎంత పోతుందో ఎంత వస్తుందో చెప్పే సూత్రం ఒకటుంది. ఇంగ్లండ్‌లో జాన్ ఆర్చర్డ్ 1953లో ఇచ్చిన అరుగుదల నియమం ప్రకారం, రుద్దినప్పుడు అరిగే పదార్థం పరిమాణం నొక్కే బలానికీ రుద్దిన దూరానికీ అనులోమంగా, అరిగే పదార్థపు గట్టిదనానికి విలోమంగా ఉంటుంది. అడుగంటిన అన్నానికి దీన్ని అన్వయించుకోవచ్చు. నొక్కు సగం చేస్తే రెట్టింపు సార్లు రుద్దాలి, ఫలితం ఒకటే. తగ్గించదగినది హారంలో ఉన్న గట్టిదనం. అరగంట నీళ్లు పోసి ఉంచితే మాడని పిండిపదార్థం నీరు పీల్చుకుని ఉబ్బి మెత్తబడుతుంది, ఆ హారం పడిపోతుంది. జర్మనీలో హెంకెల్ సంస్థలో పనిచేసిన హెర్బర్ట్ జినర్ 1959లో ఇదే సంగతిని నాలుగు అంశాలుగా చెప్పాడు. శుభ్రతకి కావలసినవి వేడి, సమయం, రసాయనం, రాపిడి. ఒకటి తగ్గితే మిగతావి పెరిగి ఆ లోటు పూడ్చాలి. రాత్రి భోజనాలయ్యాక గిన్నెలో కాసిని నీళ్లు పోసి పెట్టడం సమయాన్ని పెంచి రాపిడిని తగ్గించడం. తిన్న కంచం ఎండబెట్టి వదిలేసిన మనిషి, ఆ సమయపు లోటుని తోమే మనిషి మణికట్టు మీదకి నెట్టాడు. నూనె మాడి గోధుమరంగు పూతలా పట్టుకున్న మూకుడికి మాత్రం నీళ్లు చాలవు. ఆ నూనె గాలితో కలిసి గొలుసులు అల్లుకుని దాదాపు వార్నిష్ అయిపోయి ఉంటుంది. దానికి వేడీ క్షారమూ కావాలి. వేడినీళ్లలో వంటసోడా వేసి మరిగిస్తే కొంత వదులుతుంది. అల్యూమినియం గిన్నె అయితే మరిగించకూడదు, క్షారానికి అది నల్లబడుతుంది.

ఇప్పుడు రూపకల్పనకి వద్దాం. మొదట మందం. పచ్చపీచు పల్చగా ఉంటుంది, వేళ్లకి దాని అంచు మాత్రమే దొరుకుతుంది. నీళ్ల బిందెకి కట్టిన సన్నతాడు వేళ్లని కోసినట్టే, అదే బలం తక్కువ వైశాల్యం మీద పడితే ఒత్తిడి పెరుగుతుంది. మరి అదే పీచుని మందంగా చేస్తే? వంగదు. ఒక పలక మందం రెట్టింపైతే దాన్ని వంచడానికి ఎనిమిది రెట్లు బలం కావాలి, ఎందుకంటే వంగుడు బిరుసుదనం మందం ఘనంతో పెరుగుతుంది. మందమైన గట్టిపీచు ఇడ్లీ రేకు గుంటలోకి దిగదు, గిన్నె మూలలో ఒదగదు. దీనికి దొరికిన జవాబు జంటపీచు: గిన్నె వైపు పల్చటి గరుకు పొర, చేతి వైపు మందమైన స్పాంజి. స్పాంజి ఎందుకు బాగుంటుందో లోర్నా గిబ్సన్, మైఖేల్ యాష్బీ 1988లో గుల్ల పదార్థాల మీద రాసిన పుస్తకంలో వివరించారు. స్పాంజిని నొక్కినప్పుడు మొదట కొద్దిగా ఎదురుతిరుగుతుంది, తర్వాత లోపలి గూళ్ల గోడలు వరసగా కూలడం మొదలై, ఇంకా లోపలికి నొక్కుతున్నా ఎదురొత్తిడి దాదాపు పెరగదు. వేలికణుపు ఎత్తుగా ఉన్న చోట ఎక్కువ నలుగుతుంది, పల్లం ఉన్న చోట తక్కువ, ఒత్తిడి మాత్రం అన్నిచోట్లా ఇంచుమించు సమానం. ప్రతి చేతి ఆకారానికీ తనే సర్దుకుంటుంది.

అయితే స్పాంజి మెత్తదనం ఒత్తిడిని పంచుతుంది కానీ సబ్బునీళ్లలో జారుడుని ఆపదు. జారుడుని ఘర్షణతో కాకుండా ఆకారంతో ఆపడం ఇంకా తెలివైన పని. మధ్యలో రెండు పక్కలా లోపలికి నొక్కి నడుములా చేసిన స్పాంజిలు చూసే ఉంటారు. పొడవునా తోసినప్పుడు నడుముకి ఇటూ అటూ ఉన్న ఉబ్బులు వేళ్లకి అడ్డం వస్తాయి, పిండి పట్టుకోనవసరం లేదు. అడ్డంగా రుద్దితే ఆ సాయం సగమైపోతుంది, మనం గుండ్రంగా తిప్పి తోమే గిన్నెలకి ఇది పూర్తి జవాబు కాదు. స్పాంజి పక్కల్లో గాడి తీస్తే వేళ్లకి ఆనుకునే చోటు దొరకడమే కాక గోళ్లు గిన్నెకి రాచుకోవు. వెనక గుడ్డ జేబు కుట్టి నాలుగు వేళ్లూ అందులోకి పోనిచ్చే రకం తోపుకి బాగుంటుంది, కానీ తడిసిన జేబు ఆరదు, కణుపుల మీద ఒరుస్తుంది, అన్ని చేతులకీ ఒకే కొలత. అమెరికాలో ఆరన్ క్రాస్ రూపొందించిన స్క్రబ్ డాడీ అనే స్పాంజిలో నవ్వుముఖానికి కళ్లుగా కనిపించే రెండు రంధ్రాలూ నిజానికి వేళ్లు దూర్చి పట్టుకోవడానికి. మొదట అతను దాన్ని వాహనాల పని చేశాక చేతులకంటిన మడ్డి కడుక్కోవడానికి తయారుచేశాడు. అది చల్లటి నీళ్లలో బిరుసుగా, వేడినీళ్లలో మెత్తగా ఉండే పాలిమర్. వేళ్లు రంధ్రంలో ఉంటే ఏ దిక్కుకి తోసినా రంధ్రపు గోడ ఆపుతుంది. నేను చూసిన ఉపాయాల్లో ఇది చాలా పొదుపైనది. అదనంగా ఏదీ అతికించలేదు, ఉన్నదాంట్లోంచి కొంత తీసేశారంతే.

పొడవు పిడి వేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. సీసాలకీ పొడవాటి గ్లాసులకీ సరే. మాడిన అడుగుకి పనికిరాదు. పిడి చివర కుంచె దగ్గర నొక్కు కావాలంటే మణికట్టు మెలిబలాన్ని పుట్టించాలి, పిడి పొడవుతో ఆ భారం పెరుగుతుంది. దానికన్నా పీచు మీద నేరుగా పొట్టి బొడిపె ఉంటే మేలు. బొడిపె అరచేతి మధ్యకి ఆనుతుంది, ముంజేతి ఎముకల గుండా భుజం బలం సూటిగా దిగుతుంది, మణికట్టు నిటారుగా ఉంటుంది, వేళ్లు సడలుగా దాని చుట్టూ ఉంటే చాలు. కీళ్లనొప్పులున్నవారికి నేను మొదట చెప్పేది ఈ రకమే. దాని లోపం కింది పలక వంగకపోవడం. అంచుని ఒక వేలెడు వెడల్పున బయటికి సాగదీసి మెత్తగా వదిలేస్తే ఆ లోపం చాలావరకు పోతుంది.

చేతి కోసం వస్తువు అన్న ఆలోచనని వంటింటి సామాన్లలో గట్టిగా నిలబెట్టింది 1990లో అమెరికాలో వచ్చిన ఆక్సో గుడ్ గ్రిప్స్ వరస. శామ్ ఫార్బర్ అనే వ్యాపారి, కీళ్లవాతమున్న తన భార్య బెట్సీ కూరగాయల చెక్కు తీసే సాధనంతో పడుతున్న బాధ చూసి, స్మార్ట్ డిజైన్ అనే రూపకల్పన సంస్థతో కలిసి దాన్ని మళ్లీ చేయించాడు. లావైన, కోడిగుడ్డు వంటి అడ్డుకోత ఉన్న పిడి చేతిలో తిరిగిపోదు. మెత్తని రబ్బరులాంటి శాంటోప్రీన్ తడిలో కూడా జారదు. బొటనవేలు, చూపుడువేలు ఆనే చోట సన్నటి రెక్కలు కోసి ఉంటాయి, అవి వేలికి తగ్గట్టు వంగుతాయి. నొప్పి ఉన్న చేతి కోసం చేసిన వస్తువుని ఏ నొప్పీ లేనివాళ్లు కూడా ఎగబడి కొన్నారు. బలహీనమైన చేతికి కుదిరితే బలమైన చేతికి తప్పక కుదురుతుంది, తిరగేస్తే కుదరదు.

తడిలో నానిన చేతికి చర్మపు సమస్య కూడా ఉంది. వేళ్లు నీళ్లలో నాని ముడతలు పడటం కేవలం ఉబ్బడం కాదు. వేలి నరం తెగినవాళ్లకి ఆ ముడతలు పడవు, నాడీమండలం లోపలి రక్తనాళాల్ని కుదించడం వల్ల చర్మం లోపలికి లాగబడుతుంది. ఆ ముడతలు తడి వస్తువుల్ని పట్టుకోవడానికి సాయపడతాయని 2013లో న్యూకాజిల్ పరిశోధకులు తడి గోళీలతో చేసిన ప్రయోగంలో చూపించారు. మరుసటి ఏడాది ఇంకో బృందం తమకు తేడా కనబడలేదంది. 2021లో లండన్ సైన్స్ మ్యూజియం సందర్శకులతో చేసిన పరిశీలనలో ముడతపడ్డ వేళ్లు తడివస్తువుని తక్కువ నొక్కుతో పట్టుకోగలిగాయి. పట్టుకి ఎంతో కొంత మేలు ఉన్నా, నానిన చర్మం పైపొర మెత్తబడి త్వరగా రాసుకుపోతుంది. ఆరోగ్యమైన చర్మం కొద్దిగా ఆమ్లగుణంతో, పీహెచ్ సుమారు 5 దగ్గర ఉంటుంది. గట్టి సబ్బుల పీహెచ్ 9, 10 దాకా ఉంటుంది. పైపొరలోని కొవ్వుని సబ్బు లాగేస్తుంది, గిన్నె జిడ్డుకీ చర్మపు జిడ్డుకీ దానికి తేడా తెలియదు. అలా పల్చబడ్డ చర్మానికి స్టీలుపీచు అంచు తగిలితే చిన్న చిన్న కోతలు పడతాయి. గోరు పక్కన చర్మం విడి, తడి ఆరక, గోరుచుట్టు లేస్తుంది. ఆ వేలితోనే మర్నాడు మళ్లీ తోమాలి. చేతి వైపు ముఖంలో లోహపు తీగ అసలు ఉండకూడదని నా అభిప్రాయం. స్టీలుపీచు తప్పదనుకుంటే దానికి వెనక ఒక ప్లాస్టిక్ బొడిపె ఉండి తీరాలి.

సుఖాన్నిచ్చే స్పాంజికి తనదైన దోషముంది. అది నీళ్లు వదలదు. జర్మనీలోని ఫుర్ట్‌వాంగెన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో ఇళ్లలో వాడిన 14 స్పాంజిలని పరీక్షిస్తే కొన్నిచోట్ల ఘన సెంటీమీటరుకి 5,000 కోట్లకు పైగా బ్యాక్టీరియా కనిపించింది. వాటిలో చాలావరకు రోగకారకాలు కావు, అయినా తడి, ఆహారపు తునకలు, గదివేడి ఉంటే ఏదైనా పెరగగలదు. కాబట్టి చేతికి కుదరడంతోపాటు త్వరగా ఆరడమూ రూపకల్పనలో భాగమే. పెద్ద రంధ్రాల నురుగు, నీళ్లు కారిపోయేలా గాడులు, కొక్కేనికి తగిలించే కన్నం. సబ్బు డబ్బాలోనే నానుతూ పడుండే పీచు ఎంత మెత్తగా ఉన్నా మంచిది కాదు.

ఇక కొలతలు. ఎవరి చేతికని కొలవాలి? అహ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థ నుంచి దేబ్‌కుమార్ చక్రవర్తి 1997లో భారతీయుల శరీర కొలతల పుస్తకం వెలువరించారు. మన దేశపు వస్తువుకి మన దేశపు చేతి కొలత వాడటానికి అది ఆధారంగా నిలిచింది. విదేశీ చేతి కోసం అచ్చు పోసిన బొడిపె ఇక్కడి సన్నటి చేతికి లావవుతుంది, లావైతే వేళ్లు చుట్టూ రావు, పట్టు మళ్లీ కొసలకి జారుతుంది. గుండ్రటి పిడులకి మూడు నాలుగు సెంటీమీటర్ల వ్యాసం సౌకర్యమని పనిముట్ల నిపుణులు చెబుతారు, చిన్న చేతికి మూడు వైపు మొగ్గాలి. చేతితొడుగు వేసుకుంటే వేళ్ల మధ్య మందం పెరుగుతుంది, దానికీ చోటు వదలాలి.

ఈ ఆలోచనలేవీ అందని చోటు ఒకటుంది. టిఫిన్ సెంటర్ల వెనక, హాస్టల్ మెస్సుల్లో, ఫంక్షన్ హాళ్ల పెరట్లో గంగాళాలు, డేగిశాలు తోమే మనుషులు. గంగాళం అడుగు అందుకోవడానికి భుజం దాకా లోపలికి వంగాలి. పులుసు, బిర్యానీ మాడిన అడుగులు గంటల తరబడి. చేతిలో ఉండేది ఇంటి గిన్నెకి చేసిన అరచేతి వెడల్పు పీచు, చాలాసార్లు చివికిన ముక్క. అక్కడికి వేరే వస్తువు కావాలి. రెండు చేతులూ ఆనేంత పెద్ద బొడిపె, గంగాళం వంపుకి సరిపడా వంగే గరుకు పలక, అడుగుదాకా చేరే మూరెడు కర్ర తగిలించి తీసే వీలు, అరిగిన గరుకు పొరని మాత్రమే మార్చుకునే ఏర్పాటు. ఇవేవీ కొత్తగా కనిపెట్టాల్సినవి కావు, నేల పాలిష్ పట్టే యంత్రాలకి ఇలాంటి మార్చుకునే గుండ్రటి పీచుపలకలు ఎప్పటినుంచో ఉన్నాయి. పరీక్ష కూడా తేలికే. పని మొదలుపెట్టే ముందు పిడికిలి బలం కొలిచే చిన్న పరికరంతో ఒకసారి, సబ్బునీళ్ల చేతులతో గంట తోమాక మరోసారి కొలవాలి. రెండు అంకెల మధ్య తేడా ఏ పీచుతో తక్కువుందో చూడాలి. ఆ కొలత తోమేవాళ్ల చేతుల మీదే, వాళ్లు తోమే చోటే జరగాలి.